పేరు సీతాలుది, డోంగీ అసిరయ్యది

సీతాలుకి కోపం వస్తే బాంబూఫ్లాట్ జెట్టీ దాకా తెలుస్తుంది. గొంతు పెద్దదని కాదు. మామూలు రోజుల్లో చేపల బుట్టను ఒంగి, ఒద్దికగా దించుతుంది. కోపం వచ్చిన రోజున మాత్రం దాన్ని అరుగు మీద దబ్బున పడేస్తుంది. డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం బుట్ట అలాగే పడింది. వీధిలో వాళ్ళంతా పనులాపి ఇటు చూశారు.

కొడుకు బంగారురాజు అందరికీ విమానం టిక్కెట్లు తీశాడు. క్రిస్మస్ సెలవుల్లో మలేషియా. అమ్మ, అయ్య, తను, భార్య పద్మావతి, కూతురు వీరలక్ష్మి. మూడు తరాలూ కలిసి వెళ్ళడం ఇదే మొదలు.

"క్రిస్మస్‌కా? నీకు మతుండే మాటాడతన్నావా?" అంది సీతాలు.

ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. ఏడాదంతా బేరాలాడి బేరాలాడి నోరు నొప్పెట్టే మనిషికి, అడిగిన ధర పలికే రోజులు ఆ పదే. ఎదుటి ఒడ్డు పోర్ట్‌బ్లెయిర్ నిండా టూరిస్టులు దిగుతారు. హోటళ్ళ వాళ్ళు వంజరం చేప కోసం జెట్టీకే పరిగెత్తుకొస్తారు. బాంబూఫ్లాట్‌లో ఇళ్ళ ముందు కాగితపు నక్షత్రాలు వేలాడదీసిన క్రైస్తవులంతా పండగ చేప ఆమె దగ్గరే చెప్పి ఉంచుకుంటారు. ఆవల మిన్నీ బే క్వార్టర్లలో ఉద్యోగస్తుల ఆడవాళ్ళు సీతాలు ఫెర్రీ దిగి ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తారు. వాళ్ళందరికీ ఏం చెప్పాలి? షికారుకెళ్ళానని చెప్పాలా?

"మామ్మా, టెన్షన్ మత్ లో. ఒక్క క్రిస్మస్ చేపల్లేకపోతే ఎవరూ చచ్చిపోరు," అంది వీరలక్ష్మి. కాలేజీ పిల్ల. తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి, హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి దాటుతూ ఉంటుంది.

"ఆళ్ళు చావరు. నానే చస్తాను, చేతులు కట్టుకుని కూకోలేక."

అసలు కారణం మాత్రం ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. డోంగీని అమ్మేశారు. సీతాలు మొగుడు అసిరయ్యకి మోకాళ్ళు పోయాయి, బంగారురాజు హార్బరు ఆఫీసులో కుర్చీ వదిలి వల పట్టడు. డోంగీ అంటే అండమాన్ దీవుల్లో ఇంజను బిగించిన చెక్క పడవ. జనవరి రెండో తేదీన అది పోలిరాజు చేతికి వెళ్ళిపోతుంది. అతడూ వీళ్ళవాడే. సిక్కోలు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇప్పుడు చేపలు మానేసి టూరిస్టులను పక్క దీవులకు తిప్పుతున్నాడు. డోంగీ పోతే అయ్య దిగులు పడతాడని, ముందే మనసు మళ్ళిద్దామని కొడుకు ఈ ప్రయాణం పెట్టాడు. అయ్య దిగులు అందరికీ కనపడింది. అమ్మ సంగతి ఎవరూ అడగలేదు. అడగాలని తట్టనే లేదు.

ఆ డోంగీ ముందు భాగం మీద నీలం రంగుతో 'సీతాలు' అని రాసి ఉంటుంది. సునామీకి పాత పడవ పోయినప్పుడు, సీతాలు మెడలోదీ చేతులవీ తీసి ఇస్తే వచ్చిన డోంగీ అది. అందుకని అసిరయ్య పెళ్ళాం పేరు పెట్టాడు. పేరయితే పెట్టాడు. ఇరవయ్యేళ్ళలో ఆ పేరుగల మనిషి దానిమీద ఒక్కసారీ కాలు పెట్టలేదు.

అది వాళ్ళ ఆచారం. చేపల పడవ మీద ఆడది అడుగు పెట్టకూడదు. పెడితే గంగమ్మ తల్లికి కోపం వస్తుంది, వల ఖాళీగా వస్తుంది. ఏడాదికోసారి గంగమ్మ పూజనాడు సీతాలు పసుపు కలిపి పళ్ళెంలో పెట్టి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అందిస్తుంది. పూసేది మాత్రం అసిరయ్య. ఆమె పసుపు కావాలి, ఆమె కాలు వద్దు. ఫెర్రీ మాట వేరు. ఫెర్రీ ఎక్కి నెత్తిన బుట్టతో ఫీనిక్స్ బేలో దిగి వాడవాడా తిరిగి అమ్మితే గంగమ్మ ఏమీ అనదు. గవర్నమెంటు బోటు మీద ఆ తల్లికి అభ్యంతరం లేదు కాబోలు.

సీతాలు పదహారేళ్ళప్పుడు, కొత్త పెళ్ళికూతురుగా, విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చింది. చేపలు పట్టేవాళ్ళను ప్రభుత్వం తెచ్చి దీవుల్లో కాపురాలు పెట్టించిన రోజుల్లో వచ్చినవాడు ఆమె మామగారు. అత్త తవిటమ్మ గట్టి మనిషి. కాపురానికొచ్చిన రెండో ఏడు చేప సరిగా పడలేదు. రోజూ ఒట్టి వలే. ఎవరో అన్నారట, కొత్త కోడలు ఇసకలో లాగి ఉంచిన పడవ ఎక్కి దువ్వెనతో జుట్టు దువ్వుకుంటుంటే చూశామని. సీతాలు ఎక్కలేదు. పడవ నీడలో కూర్చుంది, అంతే. ఆ మాట చెప్పింది, ఏడ్చింది, ఒట్టు పెట్టింది. తవిటమ్మ వినలేదు. కోడల్ని నడుము లోతు నీళ్ళలో నిలబెట్టి, ఆమె పెంచుకున్న కోడిపెట్టను గంగమ్మకి బలిచ్చి, ఊరందరి ముందూ తప్పు ఒప్పుకోమంది. చెయ్యని తప్పు ఒప్పుకుంది సీతాలు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న అసిరయ్య తలెత్తి చూడలేదు.

తవిటమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ కోడిపెట్ట మాత్రం సీతాలు గొంతులో ఇప్పటికీ అడ్డం పడే ఉంది.

సరే, ప్రయాణం. ఈ మధ్యనే పోర్ట్‌బ్లెయిర్ నుంచి కౌలాలంపూర్‌కి తిన్నగా విమానం వేశారు. సీతాలుకి కిటికీ సీటు వచ్చింది. పోట్లాడి తీసుకుందంటే ఇంకా నిజం. దారి పొడుగునా కిందికే చూస్తూ కూర్చుంది. కాసేపటికి మనవరాలిని పొడిచింది.

"మన సముద్రం ఎక్కడైపోయింది? ఆళ్ళది ఎక్కడ మొదలైంది?"

"మామ్మా, అలా లైను ఏం కనపడదు. పానీ తో పానీ హై. అంతా ఒకటే నీళ్ళు."

 సీతాలు ఆ మాట మనసులో దాచుకుంది.

కౌలాలంపూర్‌లో మూడు రోజులు ఆమెకి ఒళ్ళు మండుతూనే ఉంది. అంతెత్తు దుకాణాల మధ్య ఇంకా ఎత్తయిన చెట్టొకటి, ప్లాస్టిక్‌ది. దానిమీద మంచని దూది అతికించారు. బయటేమో చెమటలు కారే ఎండ. ఆ చెట్టు ముందు నిలబడి నవ్వమని కొడుకు ఫోను పట్టుకుని వెంటపడ్డాడు. "దూదికి నవ్వడమేటిరా," అంది. పద్మావతి మెత్తగా, "అత్తయ్యా, అందరూ ఇలాగే దిగుతారు," అంటే, "అందరూ దిగితే దూది మంచైపోతాదేటి," అని అడిగింది. పద్మావతి టీచరు. జవాబు చెప్పడం ఆమెకి ఉద్యోగమే గాని అత్తగారికి చెప్పే జవాబు ఎప్పుడూ అందలేదు. అసిరయ్య ఏం చూపించినా తల ఊపుతూ తిరిగాడు. అతడి మనసు జనవరి రెండో తేదీ మీదే ఉందని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

క్రిస్మస్ నాటికి పెనాంగ్ చేరారు. అక్కడ బంగారురాజు మాట్లాడిన వ్యాను డ్రైవరు పేరు సూరయ్య. తాతల నాడు సిక్కోలు వైపు నుంచే రబ్బరు తోటల్లోకి వచ్చారట. తెలుగు మాట్లాడతాడు, తడుముకుంటూ. సీతాలుకి ప్రాణం లేచొచ్చింది. క్రిస్మస్ మర్నాడు పొద్దున్నే కొండ మీదికి రైలెక్కిద్దామని కొడుకు అంటుంటే, ఆమె నేరుగా డ్రైవరుతో మాట్లాడింది.

"బాబూ, ఇక్కడ సేప దిగే సోటెక్కడ? అక్కడికి తీస్కెళ్ళు."

"అమ్మా, ఇంత డబ్బు పోసి వచ్చింది చేపలు చూడ్డానికా?" అన్నాడు బంగారురాజు.

"దూది సూసినాను కదా. ఇప్పుడు సేపలు సూస్తాను."

సూరయ్య వాళ్ళను ఊరి చివర చిన్న పల్లెకు తీసుకెళ్ళాడు. చెక్క జెట్టీ, వరసగా పడవలు, బురద వాసన, మంచుగడ్డల పెట్టెలు. అసిరయ్య ముఖం మొదటిసారి తేటపడింది. ఇంజన్లు చూస్తూ, వలల కన్ను వేలితో కొలుస్తూ ముందుకి నడిచాడు. అప్పుడొక పడవ వచ్చి ఆగింది. చుక్కాని పట్టుకున్నది ఆడమనిషి. తలకి గుడ్డ చుట్టుకుంది, సీతాలు వయసుదే, బుగ్గలు ఎండకి మాడి నల్లగా మెరుస్తున్నాయి. ఆమె ఇంజను ఆపి, చీలమండ దాకా తడిసిన కాళ్ళతో పడవ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, తాడు విసిరి, జెట్టీ మీదికి ఒక్క అంగలో దాటింది. ముసలి మొగుడు పడవలోంచి పెట్టెలు అందిస్తున్నాడు. పెట్టెల నిండా కానాగంతలు. ఇంకా కొట్టుకుంటున్నాయి.

సీతాలు నిలబడిపోయింది. ఆ పెట్టెల వంక చూసింది, ఆ కాళ్ళ వంక చూసింది. మళ్ళీ పెట్టెల వంక చూసింది.

"సూరయ్యా, అడుగు. ఈవిడ రోజూ ఎక్కుతాదా?"

సూరయ్య వాళ్ళ భాషలో అడిగాడు. ముసలాయన నవ్వి ఏదో అన్నాడు.

"పెళ్ళైన కాడ్నుంచి ఎక్కుతోందంట. ఆమె రాని రోజు ఈయన కూడా పోడంట. ఒక్కడూ వల లాగలేడంట," అన్నాడు సూరయ్య.

"సేపలు పడతాయా అని అడుగు. ఆడది ఎక్కితే."

ఈసారి ఆ మాట వినేసరికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రశ్న వాళ్ళకి అర్థం కాలేదు. సూరయ్య మళ్ళీ విడమరిచి చెప్పాడు. ఆ ఆడమనిషి జవాబేమీ ఇవ్వకుండా ఒక పెట్టె సీతాలు ముందుకి జరిపింది, చూసుకోమన్నట్టు.

సీతాలు గిర్రున మొగుడి వైపు తిరిగింది.

"సూసినావా మావా?"

అసిరయ్య చూపు తిప్పుకున్నాడు. "ఆళ్ళ సముద్రం ఏరు. మన గంగమ్మ ఏరు."

"విమానంలోంచి సూసినాను నాను. దారంతా సూసినాను. నడాన గోడెక్కడా నేదు. అవే నీళ్ళు."

"మన పెద్దోళ్ళు ఊరికే ఎట్టినారేటి ఆచారం?"

"మీ అమ్మ నన్ను నీళ్ళలో నిలబెట్టింది కూడా ఊరికే కాదేటి?"

 వీరలక్ష్మికి ఆ సంగతి తెలియదు. ఎవరూ చెప్పలేదు. "నీళ్ళలో నిలబెట్టిందా? క్యోం మామ్మా?" అని అడిగింది. సీతాలు అక్కడే, జెట్టీ మీదే, దాచకుండా చెప్పింది. చెబుతుంటే కళ్ళల్లో నీళ్ళు రాలేదు.  

"దాదాజీ, మీరేం అనలేదా?" అంది మనవరాలు. అసిరయ్య నడుచుకుంటూ వెళ్ళి వ్యానులో కూర్చున్నాడు.

సీతాలు ఆ రోజే చెప్పేసింది. డోంగీ పోలిరాజుకి ఇచ్చేలోపు తను ఒక్కసారి ఎక్కుతుంది. ఎక్కి, సముద్రంలోకి వెళ్ళి, ఒక్క వల వేసి వస్తుంది. అసిరయ్యే తీసుకెళ్ళాలి. అసిరయ్య కుదరదన్నాడు. ఇంకొకరి చేతికి పోయే పడవ, మైల పరచి ఇస్తే పాపం చుట్టుకుంటుందన్నాడు. మైల అన్న మాట విని సీతాలు ఆపైన అతనితో మాట్లాడలేదు. కొండ మీదికి రైలెక్కారు, పాముల గుడి చూశారు, రాత్రి దీపాల బజారు తిరిగారు. అన్నిచోట్లా ముసలివాళ్ళిద్దరూ పక్కపక్కనే నడిచారు, మాట లేకుండా. బంగారురాజు తీసిన ఫోటోలన్నిట్లో ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

తిరిగొచ్చాక జనవరి రెండో తేదీ పొద్దున్న పోలిరాజు వచ్చాడు. కొత్త చొక్కా, చేతిలో కొబ్బరికాయ. పడవ చేతులు మారేటప్పుడు ఆ ఇంటి ఇల్లాలు పసుపునీళ్ళు ఇచ్చి సాగనంపాలి. అది కూడా ఆచారమే.

"పిన్నీ, పసుపు ఇచ్చేస్తే తీసుకెళ్ళిపోతాను," అన్నాడు.

సీతాలు అరుగు మీద నుంచి లేవలేదు. "ఇవ్వను."

"అదేంటి పిన్నీ? ఇల్లాలు పసుపు ఇవ్వని పడవ నేనెలా తీసుకుంటాను? గంగమ్మ ఊరుకుంటుందా?"

"ఒరే పోలిరాజా, రేపట్నించి ఈ డోంగీలో ఎవర్ని ఎక్కిస్తావు?"

"టూరిస్టుల్నే."

"ఆడోళ్ళని ఎక్కించవా?"

పోలిరాజు తల గోక్కున్నాడు. "ఎక్కుతారు మరి. అది వేరే పిన్నీ. అది బిజినెస్ కదా."

అంతే, సీతాలు లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ ముద్ద కట్టిన కోపం ఇప్పుడు మాటయి వచ్చింది.

"ఎక్కడిదో ఆడది చెప్పులేసుకుని ఎక్కితే గంగమ్మకి బిజినెస్సు. నా మెడలోది అమ్మి కొన్న దాన్ని, నా పేరు రాసున్న దాన్ని నాను ఎక్కితే మైల. సిగ్గుండాలి మీకు. గంగమ్మ ఆడది కాదేటి? ఆ తల్లికి లేని మైల నాకెక్కడ్నుంచొచ్చింది? ఏ మావా, నువ్వు చెప్పు. ఇన్నాళ్ళూ ఈ నెత్తి మీద మోసిన బుట్టకి లేని అంటు నా కాలికుందా? నా చేత్తో పసుపు కావాల, నా కాలు వద్దా? ఎక్కనిదే పసుపు ఇవ్వను. పడవ ఒడ్డునే కుళ్ళిపోనీ."

పోలిరాజు కొబ్బరికాయ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. బంగారురాజు అయ్య వంక చూశాడు. పద్మావతి ఎప్పుడూ లేనిది, మామగారి ముందుకొచ్చి, "ఆమె అడిగేది న్యాయమే మామయ్యా," అంది.  అసిరయ్య గోడకి తగిలించిన వల తీసి భుజాన వేసుకున్నాడు.

"రా," అన్నాడు.

అందరూ ఒడ్డుకి వెళ్ళారు. ఎప్పుడూ నిలబడే చోటే, మోకాలి లోతు నీళ్ళలో, సీతాలు ఒక్క క్షణం ఆగింది. అసిరయ్య చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. అంచు పట్టుకుని, చీర దోపుకుని, తనంతట తనే ఎక్కింది. డోంగీ కొంచెం ఊగి నిలబడింది. బోట్లో తడి చెక్క, డీజిలు, ఎండిన చేప పొలుసుల వాసన. ఆ వాసన రోజూ మొగుడి బట్టల్లో ఉతికిందే. చెక్క మీద అరికాలు ఆనించి అలాగే కాసేపు నిలబడింది.

హార్బరు దాటి కొంత దూరం పోయి వల వేశారు. పొద్దు బాగా పైకొచ్చింది.  అసిరయ్య లాగడం మొదలెడితే సీతాలు వచ్చి రెండో పక్క పట్టుకుంది. తాడు ఆమె అరిచేతులు కోసింది. అయినా వదల్లేదు. వల పైకొచ్చింది. కాస్త నాచు, రెండు చిన్న పీతలు, ఇంకేమీ లేదు.

అసిరయ్య వల వంక చూసి, ఆమె వంక చూశాడు. ఆ చూపులో తవిటమ్మ ఉంది.

సీతాలు వలను పడవలోకి వదిలి, ఎదురుగా చెక్క మీద కూర్చుంది.

"యాబయ్యేళ్ళుగా ఏటాడతన్నావు కదా మావా. ఇలాగ ఒట్టి వల ఎన్నిసార్లు ఇంటికి తెచ్చినావు?"

అసిరయ్య వలలోంచి నాచు తియ్యడం మొదలెట్టాడు.

"ఆ రోజుల్లో ఈ సోట్లో ఏ ఆడది కూకుంది?"

నీళ్ళు డోంగీ పక్కలను కొడుతున్నాయి. అసిరయ్య నాచు తీసి పారేస్తున్నవాడు ఆగిపోయాడు. యాభయ్యేళ్ళలో ఒట్టి చేతులతో తిరిగొచ్చిన పొద్దులన్నీ అతనికి గుర్తుకొచ్చాయి కాబోలు. ఆ పొద్దులన్నిట్లోనూ సీతాలు ఒడ్డునే ఉంది. నీళ్ళలో నిలబెట్టిన రోజున కూడా, ఆ ముందు రోజున కూడా.

"సెప్పు," అంది సీతాలు.

 అతడు లేచి వెనక్కి వెళ్ళి, చుక్కాని దగ్గర చోటు ఖాళీ చేసి, పక్కకి జరిగి కూర్చున్నాడు. సీతాలు వెళ్ళి చుక్కాని పట్టుకుంది. ఎలా తిప్పాలో తెలియదు. అడగలేదు కూడా. ఒడ్డున పోలిరాజు కొబ్బరికాయ పట్టుకుని చిన్నగా కనిపిస్తున్నాడు.

"వల తియ్యి మావా," అంది. "ఇంకోసారి ఎయ్యి. ఆడు ఉంటాడులే."